మూడో వాక్యం

నిశ్శబ్దంలో శ కింద వత్తు లేదు. మడుగు గట్టుకు వెళ్ళే కాలిబాట మొదట్లో పాతిన చెక్క పలక మీద ఎవరో ఆకుపచ్చ రంగుతో, చేయి తిరిగిన అక్షరాలతో, ఇక్కడి నుంచి నిశబ్దం పాటించండి అని రాశారు. సగం నిశ్శబ్దం చాలుననుకున్నారు కాబోలు అనుకుంది అక్క, అనుకున్నందుకు తన మీద తానే విసుక్కుంది, ఎందుకంటే ఈ గంటసేపు దేన్నీ దిద్దకూడదని నిర్ణయించుకునే ఆమె ఇల్లు దాటింది. ఇక్కడ అందరూ ఆమెను అక్కగారనే పిలుస్తారు. ఈ గుంపులో ఆమెకు వేరే గుర్తింపు లేదు; ఎనిమిది నెలల క్రితం పోయిన చెల్లెలికి అక్క, అంతే. ఉదయం ఆరు. నీళ్ళు శుద్ధి చేసే కేంద్రం వెనక, ప్రహరీ గోడకూ రెల్లుపొదలకూ మధ్య పరిచిన పదకొండు చాపల్లో చివరిదాని మీద ఆమె కూర్చుని ఉంది. మోకాళ్ళు మడతపడవని యోగా మాస్టారు ఒక పొట్టి పీట వేయించారు. ఒళ్ళో గుడ్డసంచి. సంచిలో నూట పన్నెండు పుటల ప్రూఫు కట్ట, ఒక ఎర్ర కలం. చెల్లెలు రాసుకున్న పక్షుల నోటుపుస్తకాలను యోగా కేంద్రం వాళ్ళు ఒక పుస్తకంగా వేస్తున్నారు. గంట పూర్తికాగానే, ఏడింటికి, మాస్టారు ఈ కట్టను అందుకుని నేరుగా ప్రెస్సుకు వెళతారు. అంతకుముందు దాని మొదటి పుట మీద ఆమె ‘అచ్చుకు పంపవచ్చు’ అని రాసి సంతకం పెట్టాలి. ముప్పై నాలుగేళ్ళు ప్రూఫులు దిద్దిన మనిషి, వేలసార్లు రాసిన రెండే రెండు మాటలు. మొన్న మధ్యాహ్నం నుంచి ఆమె చేయి ఆ రెండు మాటలు రాయడం లేదు.

కళ్ళు మూసుకోమన్నారు మాస్టారు. గొంతు మెత్తగా ఉంది, మెత్తదనం మీద నమ్మకమున్న గొంతు. “పది ఊపిరులు లెక్కపెట్టండి. తర్వాత కళ్ళు తెరిచి, కనబడ్డ పిట్టను చూడండి. దానికి పేరు పెట్టకండి. పేరు పెట్టామంటే చూడటం మానేస్తాం. అది ఉన్నంతసేపు చూడండి, అది వెళ్ళిపోతే మళ్ళీ మీ ఊపిరి దగ్గరకు వచ్చేయండి.” ఒకటి, రెండు, మూడు. నాలుగో ఊపిరి దగ్గర ఆమె లెక్క తప్పింది, లేదా లెక్క తప్పలేదు, లెక్కపెట్టే మనిషి ఎటో వెళ్ళిపోయింది. పక్క చాప మీది పళ్ళ డాక్టరు కళ్ళు ముందే తెరిచేశాడని ఆయన కదలికను బట్టి తెలుస్తోంది; మెడలోని దుర్భిణి చొక్కా గుండీకి తగిలి చిన్న చప్పుడు చేసింది, ఆ వెంటనే ఆయన తనలో తాను గొణిగాడు: “నీటికాకి.”

“డాక్టరుగారూ,” అన్నారు మాస్టారు.

“నోరు జారింది మాస్టారూ.”

“జారనివ్వకండి.”

“రోజంతా ఇతరుల నోళ్ళు తెరిపించే ఉద్యోగం కదండీ. సొంత నోరు మూయడం కొంచెం కష్టమే.”

ఎవరో నవ్వు ఆపుకున్నారు. చెల్లెలైతే ఆపుకునేది కాదు, పక్కున నవ్వేది, నవ్వి మాస్టారితో చీవాట్లు తిని, శుక్రవారం నాడు అక్క దగ్గరకు వచ్చినప్పుడు ఆ చీవాట్లను కూడా అభినయించి చూపించేది. ఆ నవ్వు చివరి ఏడాదిలో పొట్టిదైపోయింది. మొదలయ్యేది, ఒక దగ్గుగా మారేది, ఆగేది. అది కూడా అక్క గమనించింది. గమనించింది అన్నదే ఇక్కడ సరైన క్రియ. గమనించడం వేరు, పట్టించుకోవడం వేరు, ఈ రెండింటినీ పర్యాయపదాలుగా వాడే రచయితలను ఆమె జీవితమంతా దిద్దుతూనే వచ్చింది.

అసలు ఈయన ఇక్కడ నేర్పుతున్న విద్య ఆమెకు కొత్త కాదు. పేరు లేకుండా చూడటం, అర్థం లేకుండా చూడటం, ఉన్నదాన్ని ఉన్నట్టు, దాని వెనక ఏముందో అడగకుండా చూడటం. దీనికోసం వీళ్ళు చాపలు పరుచుకుని, వెన్ను నిటారుగా పెట్టి, చలిలో తెల్లవారుజామున కూర్చోవాలి గానీ, ఆమె ఇరవై రెండేళ్ళ వయసులో అచ్చాఫీసులో మొదటి వారంలోనే నేర్చుకుంది. పెద్ద రీడరు అని ఒకాయన ఉండేవాడు, కళ్ళజోడుకు ఒక కాడ లేదు, దానికి బదులు దారం కట్టుకునేవాడు. ప్రూఫు ఆమె ముందు పెట్టి, చివరి వాక్యంతో మొదలుపెట్టి కింది నుంచి పైకి చదవమన్నాడు. “కథలో పడ్డావంటే తప్పు నీ కళ్ళముందు నుంచే దర్జాగా నడిచిపోతుందమ్మాయ్. అర్థం సంగతి చదివేవాళ్ళు చూసుకుంటారు. నువ్వు అక్షరాన్ని చూడు.” ఆమె చూసింది. ఎంత బాగా చూసిందంటే ఒక పడవ మునిగిన వార్తలో ఎందరు పోయారో ఆమెకు ఇవాళ గుర్తు లేదు, కానీ మృతదేహాలు అన్న మాటలో మొదటి అక్షరం కింద ఋకారం సరిగ్గా పడిందని గుర్తుంది. ఆ రోజు పెద్ద రీడరు ఆమె భుజం తట్టాడు. ఎవరి ఏడుపూ ఆమె వరుసను తప్పించలేదని తట్టాడు. కాబట్టి మాస్టారు పేరు పెట్టవద్దని అన్నప్పుడు ఆమెకు నవ్వు రావాలి, రాలేదు, ఎందుకంటే ఆ చూపు మనిషిని ఎక్కడిదాకా తీసుకువెళుతుందో ఈ పదకొండు మందిలో ఆమెకొక్కదానికే తెలుసు.

కళ్ళు తెరిచింది. మడుగు బూడిదరంగులో ఉంది, ఆకాశమూ అదే రంగు, రెండింటినీ విడదీసే గీతలాగా దూరంగా ఒక గొట్టం, శుద్ధి కేంద్రం నుంచి నీళ్ళు మోసే గొట్టం, దాని మీద నీటికాకి రెక్కలు రెండూ చాచి నిలబడి ఉంది. పేరు పెట్టకూడదు. సరే; నల్లటిది ఒకటి, తడిసినది, ఉతికి ఆరేసిన కోటులాగా. రెక్కలు ఆరేదాకా అది అలాగే నిలబడుతుంది, దానికి వేరే మార్గం లేదు, దాని ఈకలకు నీళ్ళను ఆపే నూనె తక్కువ. ఇది చెల్లెలు చెప్పింది, చేతులు రెండూ చాచి, వరండాలో నిలబడి, “ఇదిగో అక్కా, ఇదే భంగిమ, మాస్టారు దీనికి ఏదో పెద్ద పేరు చెప్పాడు, నేను మాత్రం తడిబట్టల ఆసనం అంటాను” అని. ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్చేంజిలో చెవికి గొట్టం తగిలించుకుని లైనులో ఉండండి, లైనులో ఉండండి అన్న మనిషి. అక్క తిడితే “లైను బిజీగా ఉందక్కా, కాసేపాగి తిట్టు” అనేది. పదవీ విరమణ నాడు ఎక్స్చేంజివాళ్ళు గోడగడియారం ఇస్తే దాని బ్యాటరీ తీసి సొరుగులో పడేసింది, ఇక చప్పుడు చేసేది ఏదీ ఇంట్లో ఉండటానికి వీల్లేదని. మోకాళ్ళ నొప్పికని యోగాకు వెళ్ళింది. మోకాళ్ళు బాగుపడ్డాయో లేదో గానీ మాస్టారి వెంట ఈ మడుగుకు వచ్చి, మొదటిరోజే ఒక పిట్టను పావుగంట చూసి, నేరుగా అక్క దగ్గరకు వచ్చి చెప్పింది: “అన్నేళ్ళు అందరి మాటలూ నా చెవుల్లోంచి పోయాయి కదా, ఇవాళ మొదటిసారి నా చెవులు నాకు వినబడ్డాయి.” చెవులు వినబడవు, చెవులకు వినబడుతుంది, అని అక్క అంది. ఆ రోజే అంది. చెల్లెలు చేతులెత్తి దండం పెట్టి, “నీకు సూర్యోదయం చూపించినా పక్కన కామా పెడతావు” అంది.

మూడు వాక్యాల నియమం మాస్టారిది. గంట అయిపోయాక ప్రతివాళ్ళూ పుస్తకంలో మూడే వాక్యాలు రాయాలి: చూసినది ఒకటి, శరీరం చేసినది ఒకటి, ఊపిరి సంగతి ఒకటి. వ్యాఖ్యానం వద్దు, ఉపమానం వద్దు. నీటికాకి రెక్కలు ఆరబెట్టుకుంది. నా భుజాలు కిందికి దిగాయి. ఊపిరి నిదానంగా ఉంది. ఇలా రోజుకు మూడు, నాలుగేళ్ళు, ఏడు నోటుపుస్తకాలు. ప్రతి శుక్రవారం ఆ వారం రాసినవి తెచ్చి అక్క ముందు పెట్టేది.

“ఇది నాకెందుకే? ఎవరు చదువుతారు దీన్ని?”

“నువ్వు చదువు. ఒక్కదానివి చదివితే చాలు.”

“దిద్దమంటావా?”

“చదవమన్నాను. దిద్దకుండా చదవడం నీకు రాదుగా, పోనీ దిద్దుకో.”

దిద్దుకుంది. శుక్రవారం సాయంత్రాలు ఏడు నోటుపుస్తకాల నిండా ఎర్రసిరా, దీర్ఘాలు, వత్తులు, అరసున్నాల కాలం పోయి ఎన్నాళ్ళయినా చెల్లెలు అక్కడక్కడా అలంకారంగా పెట్టుకున్న అరసున్నాలు, అన్నీ. కింది నుంచి పైకి. మూడో వాక్యం, రెండో వాక్యం, మొదటి వాక్యం. ఊపిరి, శరీరం, పక్షి. అందుకే ఏ రోజునూ రోజుగా చదవలేదు. ఏ మూడు వాక్యాలనూ ఒకదాని తర్వాత ఒకటిగా నడిచే మనిషిగా చూడలేదు.

రెల్లు కదిలింది. కొంగ ఒకటి, ఇంతసేపూ అక్కడే ఉన్నది, రెల్లు కాడ అనుకున్నది మెడ అయింది. ఒక్క కాలి మీద ఉంది. దాని నిశ్చలతను చూసి వృక్షాసనం నేర్చుకోవాలని మాస్టారు చెబుతారట. పాదం నేలను నొక్కాలి, వెన్ను పైకి సాగాలి, ఊపిరి తన పని తాను చూసుకోవాలి. ఆమె ప్రయత్నించింది, పీట మీద కూర్చునే వెన్ను సాగదీసింది, ఊపిరి తీసుకుంది. అది లోపలికి వెళ్ళింది, ఏ అడ్డూ లేకుండా, అరవై ఆరేళ్ళ ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్ళి, చల్లగా తగిలి, తిరిగి వచ్చింది. ఇంత సులువుగా. ఎవరూ లెక్కపెట్టనవసరం లేనంత సులువుగా. ఆమె రెండోసారి తీసుకోవడానికి సిగ్గుపడింది, కానీ ఒళ్ళు సిగ్గుపడదు, అది తీసుకుంది, మళ్ళీ తీసుకుంది, కొంగ కదలకుండా నిలబడి ఉండగా ఆమె అక్కడ కూర్చుని ఎవరిదో కాజేసినదాన్ని వాడుకుంటున్నట్టు గాలిని వాడుకుంటూనే ఉంది.

ముందుమాట మాస్టారు రాశారు. అందులో ప్రశాంతత అన్న మాట ఆరుసార్లు ఉంది, ఆరింటిలో ఒకటి ‘అంతిమ క్షణాలలో కూడా ఆమె ముఖంలో’ అన్న పదబంధం తర్వాత. మాస్టారు ఆ క్షణాల్లో అక్కడ లేరు. అక్క ఉంది. ముఖంలో ప్రశాంతత లేదు, ముఖం మీద ప్లాస్టిక్ తొడుగు ఉంది, తొడుగు లోపల ఆవిరి కమ్మడం, తొలగడం, కమ్మడం. మెడ నరాలు తాళ్ళలా లేచాయి, భుజాలు ప్రతి ఊపిరికీ చెవుల దాకా ఎక్కాయి, కళ్ళు గదిలో దేనికోసమో వెతికాయి, కిటికీ కోసమని అక్క అనుకుని మంచాన్ని కిటికీ వైపు జరపమని నర్సును అడిగింది, నర్సు చక్రాలకు వేసిన తాళం తీసింది, మంచం జరిగింది, కళ్ళు వెతకడం మానలేదు. ఇది చూసిన మనిషి ప్రశాంతత అన్న మాటను ఆరుసార్లు కాదు, ఒక్కసారి కూడా పోనివ్వదు. ఊపిరితిత్తులు ఎండిన స్పంజిలా గట్టిపడిపోయాయని ఆసుపత్రి డాక్టరు చెప్పాడు, బయట వరండాలో, చేతులు తుడుచుకుంటూ. “కనీసం రెండేళ్ళ నుంచి ఆయాసం ఉండి ఉండాలండీ. ఓ ఏడాది ముందు తీసుకొచ్చినా చాలా తేడా ఉండేది. ఎవరితోనూ అనలేదా?”

“అనలేదండీ. అంటే ముందు నాతోనే అనేది.”

ఆ జవాబును ఆమె ఎంత స్పష్టంగా చెప్పిందో, ఎక్కడా తడుముకోలేదు. ఎవరైనా సాక్ష్యం అడిగితే సంతకం కూడా పెట్టేది.

ఇక ఆ పుస్తకం పేరు: ఊపిరి ఆగిన చోట. ముఖచిత్రం మీద లేస్తున్న కొంగ. ప్రూఫు కట్ట చేతికి వచ్చిన సోమవారం నాడు ఆ పేరు చూడగానే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఊపిరి ఆడక పోయిన మనిషి పుస్తకానికి ఇదా పేరు. అందాన్ని చూసి మైమరచిపోయేవాళ్ళు, చాపలు పరుచుకుని మౌనాన్ని పంచుకునేవాళ్ళు, ఒక మనిషి చావును తీసుకుని దాని మీద పూలరంగు పూసి అట్టగా వేసుకుంటారా. ఇది చెల్లెలి మాట కాదు, మాస్టారు అతికించిన మాట, చెల్లెలికి ఇలాంటి నగిషీ మాటలు రావు, ఆమె తడిబట్టల ఆసనం అనే మనిషి. దీన్ని రుజువు చేసి ఆయన ముందు పెట్టాలనే ఆమె సొరుగులోంచి ఏడు నోటుపుస్తకాలూ బయటకు తీసింది. బల్ల మీద ఎడమవైపు మూలప్రతి, కుడివైపు ప్రూఫు. మూలంతో పోల్చి చూడటం అనే పని అది, కింది నుంచి పైకి సాగదు, వరుసగా పై నుంచి కిందికే చదవాలి, లేకపోతే పోలిక కుదరదు. కాబట్టి సోమవారం, మంగళవారం, మొన్న బుధవారం మధ్యాహ్నం మూడింటి దాకా ఆమె తన చెల్లెలిని మొదటిసారి పై నుంచి కిందికి చదివింది.

ముప్పై ఒకటో పుట. నాలుగో నోటుపుస్తకం, చెల్లెలు పోవడానికి పదిహేను నెలల ముందటి చలికాలపు తేదీ. కొంగ లేచింది. నేను నిలబడ్డాను. ఊపిరి ఆడలేదు. ఆడలేదు అన్న మాట మీద ఎర్రగీత. పైన, చక్కని గుండ్రటి అక్షరాలతో: ఆగింది. అంచున, ఇంకా చక్కని అక్షరాలతో, ఒక ప్రూఫ్ రీడరు జీవితంలో తాను రాసిన వాటిలో బాగా కుదిరిందని లోలోపల మెచ్చుకుని ఉండాల్సిన వ్యాఖ్య: ‘మూసిన గదిలో ఊపిరి ఆడదు. ఆరుబయట, అందులోనూ అందమైనదాన్ని చూస్తున్నప్పుడు, ఆగుతుంది. తేడా తెలుసుకో.’ దాని కింద పెన్సిలుతో చెల్లెలి రాత: సరే అక్కా.

ఆ పుట దాటింది. దాటకుండా ఉండలేదు, పోల్చే పని మధ్యలో ఆపకూడదు. నలభయ్యో పుట. లకుముకి పిట్ట ఒక్కసారి మునిగింది. గట్టెక్కేటప్పుడు మధ్యలో కూర్చున్నాను. ఊపిరి ఆగింది. నలభై ఆరు. మంచు, ఏమీ కనబడలేదు. చేతులు చల్లబడ్డాయి. ఊపిరి ఆగింది. యాభై మూడు. పిట్టలేవీ రాలేదు. చాప దాకా నడవడానికి మూడుసార్లు ఆగాను. ఊపిరి ఆగింది. ఈ చివరి దాని మీద ఎర్రసిరా ఉంది. ‘ఆగాను, ఆగింది: పునరుక్తి’ అని ఉంది. పిట్ట లేదు, అందం లేదు, ఏమీ లేదు, ఒక మనిషి పాతిక అడుగుల దూరం నడవడానికి మూడుసార్లు నిలబడిపోయి, ఆ సంగతి వచ్చి తన అక్కకు రాతపూర్వకంగా విన్నవించుకుంటే, అక్కకు అందులో ఒకే క్రియ రెండుసార్లు వచ్చిందని కనబడింది. మొత్తం పద్నాలుగు చోట్ల. మొదటిది దిద్దినది, తక్కిన పదమూడూ చెల్లెలి చేతిరాతే, చక్కగా, నేర్పిన మాటను నేర్పినట్టు.

అప్పుడు మిగతావన్నీ తమంతట తామే వచ్చి వరుసలో నిలబడ్డాయి. అక్క ఉండేది మూడో అంతస్తులో, లిఫ్టు లేదు, ఆ చలికాలం నుంచి చెల్లెలు పైకి రావడం మానేసింది, గేటు దగ్గర పిట్టగోడ మీద కూర్చుని ఫోను చేసేది, “కిందికి రా అక్కా, గాలి బాగుంది.” గాలి బాగుంది. ఈ పక్షుల పిచ్చిలో పడి నాలుగు గోడల మధ్య ఉండలేకపోతోంది అనుకుంది అక్క. అడ్డూ అదుపూ లేకుండా మాట్లాడే మనిషి చిన్నచిన్న ముక్కలుగా మాట్లాడసాగింది, రెండు మాటలు, ఒక విరామం, మూడు మాటలు, మూడు వాక్యాల నియమం పనిచేసింది అనుకుంది అక్క, అనుకుని ఊరుకోలేదు, మెచ్చుకుంది కూడా: “ఇన్నాళ్ళకు నీకు క్లుప్తత అబ్బిందే.” చెల్లెలు నవ్వింది. మొదలై, దగ్గుగా మారి, ఆగిన నవ్వు.

ఆరూ నలభై అయి ఉంటుంది. వెలుగు గోడ దాటి రెల్లు మీద పడింది. నోటుపుస్తకాలు ఆమె ఇంట్లో, ఆమె సొరుగులో ఉన్నాయి. వాటి నుంచి ఎత్తి రాసి ప్రెస్సుకు ఇచ్చినది కూడా ఆమే, ఎర్రసిరాను కలుపుకుని, చదవకుండా అక్షరాలను మాత్రం చూస్తూ ఎత్తి రాసింది, దిద్దినదే సరైనదన్న ధీమాతో. మాస్టారు మూలప్రతిని చూడలేదు. ఇంకెవరూ చూడరు. రెండు మాటలు రాసి సంతకం పెడితే చెల్లెలు అందాన్ని చూసి ఊపిరి బిగబట్టిన మనిషిగా మిగిలిపోతుంది, పదిమందీ ఆ పుస్తకం పట్టుకుని మడుగుల దగ్గరకు వెళతారు, ఒక పిట్టను చూస్తారు, మంచిపనే, ఎవరికీ నష్టం లేదు. సంతకం పెట్టకపోతే ఏం చెప్పాలి. రచయిత రాసిన మాటను మార్చే హక్కు ప్రూఫ్ రీడరుకు లేదు. ఇది ఆ వృత్తిలో మొదటి సూత్రం, అనుమానం వస్తే పక్కన ప్రశ్నార్థకం పెట్టాలి, అంతే. పదమూడు చోట్ల రచయిత్రి ఆగింది అనే రాసింది. అవి మార్చడానికి ఆమెకు హక్కు లేదు. మార్చినది ఒక్క చోటే. ఆ ఒక్క చోట అయినా పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టి ఉంటే, అడిగి ఉంటే, ఏమే ఊపిరి ఆడకపోవడమేమిటి అని, పక్కింటి మనిషి అడిగేటంత మామూలుగా. చదువురాని మనిషి ఎవరైనా అడిగి ఉండేది. ఆ మాట ఎవరి చెవిన పడినా ముందు మనిషిని కూర్చోబెట్టి మంచినీళ్ళు తెచ్చేవాళ్ళు, భాష సంగతి తర్వాత. ముప్పై నాలుగేళ్ళ చదువు ఒక్కటే అడ్డుపడింది.

మాస్టారు చిన్న కంచుగంట మోగించారు. చాపలు చుట్టడం మొదలైంది, కీళ్ళు విరుచుకున్న చప్పుడు, ఎవరో ఆవలించారు. “ఇప్పుడు చెప్పొచ్చా?” అన్నాడు పళ్ళ డాక్టరు, “అది నీటికాకే.” “చెప్పేశారుగా గంట క్రితమే,” అన్నారు మాస్టారు, నవ్వుతూ ఆమె దగ్గరకు వచ్చారు. “చూశారా అక్కగారూ? పంపొచ్చా?”

“పంపకూడదు.”

“తప్పులు మిగిలాయా?”

“ఒకటి. ప్రెస్సువాళ్ళది కాదు. మీ మీద పెడదామని చాలా వెతికాను, మీది కూడా కాదు.” ఆమె కట్ట తీసి ఒళ్ళో పెట్టుకుని ముప్పై ఒకటో పుట తిప్పింది, ఆగింది అన్న మాటను కొట్టేసి, అంచున ఆడలేదు అని రాసింది. ఆ అక్షరాలు కూడా ఎప్పటిలాగే చక్కగా, గుండ్రంగా పడ్డాయి. “అది రాసిన మాట ఇది. నేను మార్చాను. అట్ట మీది పేరు తీసేయండి.”

“అట్ట అచ్చయిపోయిందండీ.”

“మళ్ళీ అచ్చవుతుంది.”

ఆయన వంగి చూశారు. పుట అడుగున ఆమె ఒక అధోజ్ఞాపిక రాస్తోంది, ముద్రణకు ఎలా కావాలో అలా, చిన్న అక్షరాలతో, నక్షత్రం గుర్తు పెట్టి: ‘ఇక్కడ రచయిత్రి రాసినది ఊపిరి ఆడలేదు అని. దాన్ని ఆగింది అని దిద్దినది నేను. తక్కిన పదమూడు చోట్ల ఆమె నా దిద్దుబాటును పాటించింది.’ కట్ట ఆయనకు అందించింది. ఆయన నిలబడే చదివారు, తర్వాత పక్కన చుట్టి ఉన్న డాక్టరుగారి చాప మీద కూర్చుండిపోయారు.

“నాతో కూడా అంది అక్కగారూ.”

“ఏమంది? అది అన్న మాటే చెప్పండి. మీ మాటల్లో వద్దు.”

“ఊపిరి ఆడట్లేదు మాస్టారూ అంది. అదిగో, ఆ గట్టు ఎక్కే చోట. చలి మొదలైన కొత్తలో. నేను ఇంకా నిదానంగా వదలండి అన్నాను.” ఆయన కొంగ ఉన్న వైపు చూశారు, కొంగ ఎప్పుడో వెళ్ళిపోయింది. “వయసనుకున్నాను. నిదానంగా వదలండి అన్నాను, ఆవిడ సరే అని వదిలింది.”

చలి మొదలైన కొత్తలో అంటే పోవడానికి నాలుగు నెలల ముందు. తేడా తెలుసుకోమని రాసిన చలికాలం అప్పటికే పదకొండు నెలల వెనక. ఆమె ఆ నెలలను రెండుసార్లు లెక్కపెట్టింది. ఆయన మీద పెట్టుకుని వచ్చిన కోపం ఉంది, పోలేదు, కానీ దాన్ని ఆయన ముందు పెట్టాలంటే ముందు తాను పక్కకు తప్పుకోవాలి, తప్పుకోవడానికి చోటు కనబడలేదు.

“ఆడట్లేదనే అందా? ఆగుతోందని కాదా?”

“ఆగుతోందని ఎందుకంటుందండీ?” అన్నారు మాస్టారు, అర్థం కానట్టు. “మామూలుగా అందరం అనేట్టే అంది.”

ఆమె చేయి చాచి కట్టను వెనక్కి తీసుకుంది. అధోజ్ఞాపికలో మూడో వాక్యం. నా దిద్దుబాటును పాటించింది అన్న మాటలను ఒక్క గీతతో కొట్టేసింది. పైన ఉన్న ఇరుకు చోటులో రాసింది: నా కోసం అలా రాసింది. ఆ వాక్యాన్ని మొదటి నుంచి చివరి దాకా ఒకసారి చదివింది. అందులో దిద్దడానికి ఏమీ లేదు.